వాయిదా గారి ఉపన్యాసం

మా వాయిదా గారికి ఉన్నది ఒకటే జబ్బు: ఉపన్యాసం ఇస్తాననడం, తీరా ఆ రోజు వచ్చాక ఇవ్వకపోవడం. ఏడాదికోసారి చొప్పున పదకొండేళ్ళు ఆయన మాకు మాట ఇచ్చారు. పదకొండుసార్లూ తప్పారు. ఆయనకి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. కానీ మా సంఘంలో ఎవర్ని అడిగినా కాసేపు పైకప్పు వంక చూసి, "ఏమోనండీ, వాయిదా గారే కదా!" అనేవాళ్ళు. ఆయన కూడా ఫోనెత్తి, "నేనండీ, వాయిదాని" అనే అనేవారు.

మాది భోజనాల సంఘం. నెలలో మొదటి శనివారం సాయంత్రం ఆరున్నరకి, చెప్పుల దుకాణం పైన ఉన్న హోటల్ గదిలో పదిహేను మందిమి కలుస్తాం. ఒక వృత్తికి ఒక్కరే అన్నది మా నియమం. ఒకే వృత్తివాళ్ళు ఇద్దరు చేరితే మిగతావాళ్ళకి అర్థంకాని భాషలో మాట్లాడుకుంటారని మా భయం. సూప్ తాగడం, అన్నం తినడం, ఒకరు లేచి తమ పని గురించి అరగంట చెప్పడం, ఆ తర్వాత అందరం ఆయన మీద పడి వాదించడం. ఇదీ వరస. అధ్యక్షులు రిటైరయిన జడ్జి గారు. గ్లాసు మీద చెంచాతో మూడుసార్లు కొట్టారంటే నమలడం కూడా ఆపెయ్యాలి. నేను పళ్ళ డాక్టర్ని, సంఘానికి కార్యదర్శిని. పళ్ళు పీకడం కంటే మనుషుల దగ్గర్నుంచి ఉపన్యాసాలు పీకడం కష్టమని ఈ రెండో ఉద్యోగంలోనే నాకు తెలిసింది.

వాయిదా గారు వంతెనల పరీక్షకుడు. చిన్న సుత్తి పట్టుకుని వంతెన కింద వేలాడుతూ ఒక్కొక్క బోల్టునీ కొట్టి, చెవి ఒగ్గి వింటారు. గట్టి బోల్టు ఒకలా మోగుతుందట, వదులైంది ఇంకోలా మూలుగుతుందట. ఆయన జేబులో ఆ సుత్తి ఎప్పుడూ ఉండేది. హోటల్లో కూర్చోబోయే ముందు కుర్చీ కాలు మీద టక్కుమని ఒకటి కొట్టి, "ఊఁ, ఈ ఏడాదికి ఫరవాలేదు" అని అప్పుడు కూర్చునేవారు. ఒకసారి జడ్జి గారి కుర్చీని కొట్టి ఏమీ అనకుండా తల అడ్డంగా ఊపారు. ఆ సాయంత్రమంతా జడ్జి గారు సగం కూర్చుని సగం లేచి భోంచేశారు.

ఆయన ప్రకటించిన ఉపన్యాసం పేరు "వంతెనలు ఏమంటాయి". పేరు వింటేనే మాకు నోరూరేది. పైగా భోజనాల దగ్గర కొంచెం కొంచెం రుచి చూపించి ప్రాణం తీసేవారు.

"ఒకసారి మధ్యాహ్నం పూట పాత రైలు వంతెన కింద ఒక్కణ్ణే ఉన్నానండీ. స్తంభాన్ని సుత్తితో కొట్టాను. లోపల్నుంచి మనిషి గొంతు వినిపించింది."

అందరి చెంచాలూ గాల్లో ఆగిపోయేవి.

"ఆఁ? ఏమంది?"

"అది ఉపన్యాసంలో వస్తుందండీ" అని ఆయన చేప ముల్లు తీసుకోవడంలో మునిగిపోయేవారు.

ఈ గొంతు గోల మా ఇంటిదాకా పాకింది. నేను సంఘం నుంచి వచ్చి చెప్పులు విప్పకముందే మా ఆవిడ అడిగేది.

"ఎవరి గొంతో తేలిందా?"

"లేదు."

"అయితే మరి భోజనానికి వెళ్ళడం దేనికీ!"

మొదటి ఏడాది ఆయన గొంతు పోయింది. ఆ సంగతి ఆయనే మెట్లెక్కుతూ, "నాకు గొంతు పూర్తిగా పోయిందండీ!" అని అరిచి చెప్పారు. కింద చెప్పులు కొలుచుకుంటున్నవాళ్ళు కూడా జాలిపడ్డారు. ఏం చెయ్యాలో తోచక నేను జుట్టు పీక్కుంటుంటే, అదృష్టం బావుండి జడ్జి గారే లేచి తన మొదటి తీర్పు గురించి చెప్పారు. ఆయన రిటైరయి అప్పటికి రెండు నెలలే. అరగంట అనుకున్నది గంటన్నర నడిచింది. వాయిదా గారు ముందు వరసలో కూర్చుని, పోయిన గొంతుతో అందరికంటే గట్టిగా "భలే!" అన్నారు.

తర్వాతి ఏడాది పన్ను నొప్పి. పళ్ళ డాక్టరున్న సంఘంలో ఆ సాకు చెప్పడానికి ఎంత ధైర్యం కావాలి! నేను అక్కడికక్కడే జేబులోంచి చిన్న టార్చి తీశాను.

"ఏ పన్ను?"

"పైదండీ."

"పైన ఏం లేదు."

"అయితే కిందది."

"కిందా లేదు."

"మరి మధ్యదేమో చూడండి!"

మధ్యలో నాలుకే ఉంది. పళ్ళన్నీ ఆయన వంతెన స్తంభాల్లా నిక్షేపంగా ఉన్నాయి. అయినా నోటికి అడ్డంగా జేబురుమాలు కట్టుకుని కూర్చున్నారు. ఆ రోజు కూడా మా అదృష్టం బావుంది. ఆర్కిటెక్టు గారి సంచీలో ఒక బడి భవనం నక్షలున్నాయి. రెండేళ్ళు కష్టపడి గీస్తే కట్టించేవాళ్ళు వద్దన్నారట. ఏ గదిలోకి ఏ వేళప్పుడు ఎండ వస్తుందో, పిల్లలు ఏ కిటికీలోంచి బయటికి చూస్తూ పాఠం ఎగ్గొడతారో బల్లమీద పరిచి చూపించాడు. ఇంక లేచి వెళ్ళిపోదామంటే ఆ లేని బడిలోంచి మాకు బయటికి రాబుద్ధి కాలేదు.

ఇంకో ఏడాది వాయిదా గారి కళ్ళజోడు పోయింది. అది ఆయన నుదుటి మీదే ఉందని జడ్జి గారు వేలుపెట్టి చూపించారు. "ఇది దగ్గరి చూపుదండీ, పోయింది దూరపుది" అన్నారు. మరో ఏడాది ఎక్కిళ్ళు. వచ్చినవి కావు, రాబోయేవి! "మధ్యలో వస్తాయేమోనని భయంగా ఉందండీ" అన్నారు. ఆ సాయంత్రం నర్సమ్మ గారు లేచింది. ముప్ఫై ఏళ్ళు వార్డులో పరిగెత్తిన మనిషి. మోకాళ్ళు అరిగాయని ఆ నెలలోనే ఆవిణ్ణి మందుల గదిలో లెక్కలు రాసే పనికి మార్చారు. ఆవిడ చెప్పిన కబుర్లకి మేం ముందు నవ్వాం, తర్వాత ముక్కులు తుడుచుకున్నాం, మళ్ళీ నవ్వాం.

ఇలా పదేళ్ళు గడిచాయి. ఏటా ఎవరో ఒకరు సమయానికి అందుకోవడం, నేను "హమ్మయ్య" అనుకోవడం. మా అదృష్టం ఏటా అంత వేళ తప్పకుండా ఎలా వస్తోందో నాకు అనుమానం రాకపోవడం చూస్తే, నన్ను కార్యదర్శిగా ఎందుకు ఎన్నుకున్నారో నాకే తెలియదు.

పదకొండో ఏడు నాకు చేతులు వణకడం మొదలైంది.

మొదట కుడిచెయ్యి, అదీ సాయంత్రం పూట. తర్వాత పొద్దున కూడా. నలభై ఏళ్ళు సూదిమొనంత చోట పనిచేసిన చెయ్యి అది. ఎవరికీ చెప్పకుండా ఆసుపత్రిని నా దగ్గర పనిచేసే కుర్ర డాక్టరుకి అప్పగించి, "కాస్త విశ్రాంతి" అని అందరితో అన్నాను. మా ఆవిడతో కూడా అదే అన్నాను. పొద్దున్నే లేచి స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, వెళ్ళడానికి చోటు లేక వరండాలో కూర్చునేవాణ్ణి. సంఘంలో సూప్ మానేశాను. చెంచా నోటిదాకా వచ్చేసరికి అందులో ఏమీ మిగిలేది కాదు మరి. "సూప్ పడటం లేదు" అంటే, పక్కన కూర్చున్న వాయిదా గారు, "నాకూ పడటం లేదండీ, రొట్టె తిందాం" అని ఆయన గిన్నె కూడా అవతలికి నెట్టారు. మూడు నెలలు ఇద్దరం రొట్టె నమిలాం.

ఆ ఏడాది ఉపన్యాసం మాత్రం తప్పేట్టు లేదు. జడ్జి గారు తేదీ వేసి సంతకం పెట్టించుకున్నారు. అందరూ కుటుంబాలతో వస్తామన్నారు. మా ఆవిడ వారం ముందే చీర తీసి పెట్టుకుంది. ఆ గొంతు సంగతి తేల్చుకోకుండా ఇంటికి రానని శపథం చేసింది.

రెండు రోజుల ముందు ఫోను.

"డాక్టర్ గారూ, నేనండీ, వాయిదాని."

"చెప్పకండి" అన్నాను.

"చొక్కాకి ఇస్త్రీ లేదండీ."

"ఏమిటీ?"

"ఉన్నది ఒకటే మంచి చొక్కా. నలిగిపోయింది. నలిగిన చొక్కాతో అంతమంది ముందు..."

నేను జన్మలో అంతగా అరవలేదు. "ఇంకా రెండు రోజులుందయ్యా! ఈలోగా ఊళ్ళోవాళ్ళందరి చొక్కాలూ ఇస్త్రీ చెయ్యొచ్చు! మా ఆశతో ఆడుకుంటున్నారా? మా ఇంట్లో మా ఆవిడకి నిద్ర పట్టడం లేదు, తెలుసా మీకు?"

ఆయన అంతా ఓపిగ్గా విన్నారు. వినడం ఆయన వృత్తి కదా. చివరికి నెమ్మదిగా అన్నారు. "నన్ను మీరే గట్టెక్కించాలండీ. నలభై ఏళ్ళు మనుషుల నోళ్ళలోకి చూశారు. చెప్పడానికి మీ దగ్గర ఎంత ఉంటుంది! నేను అడిగానని మాత్రం ఎవరికీ చెప్పకండి. పరువు పోతుంది."

ఆయన పరువు కాపాడటానికి ఒప్పుకున్నాను. ఇంత చికాకు పెట్టిన మనిషి మీద జాలిపడటం నా మంచితనం అనుకున్నాను.

ఆ శనివారం గది నిండిపోయింది. వాయిదా గారు నలిగిన చొక్కాతో ముందు వరసలో కూర్చున్నారు. నేను లేచి చేతులు వెనక్కి కట్టుకుని మొదలుపెట్టాను. నా ఆసుపత్రి కుర్చీ చేతులకి మూడుసార్లు తోలు మార్పించానని చెప్పాను. భయంతో మనుషులు గోళ్ళు దింపడం వల్ల. సూది చూసి మూర్ఛపోయిన వస్తాదు గురించి చెప్పాను. నోట్లో మిగిలిన ఆఖరి పన్ను తీయించుకుని, "ఇన్నేళ్ళు నాతో ఉంది, మా ఇంటికే తీసుకెళ్తాను" అని కాగితంలో పొట్లం కట్టించుకున్న ముసలమ్మ గురించి చెప్పాను. జనం నవ్వుతున్నారు. నాకూ నవ్వొచ్చింది. ఎన్నాళ్ళకో! అలా చెబుతూ చెబుతూ వెనక్కి కట్టుకున్న చేతులు ముందుకి తెచ్చాను. అవి వణుకుతున్నాయి.

"ఇదీ సంగతి. ఇంక నేను పన్ను పట్టుకోలేను" అన్నాను.

నలభై ఏళ్ళు ఇతరుల నోళ్ళు తెరిపించినవాణ్ణి, ఆ రోజు నా నోరు తెరిచాను. ఎవరూ అయ్యో అనలేదు. మా ఆవిడ మాత్రం లేచి వచ్చి, "ఇదా మీ విశ్రాంతి!" అని అందరి ముందే కోప్పడి, ఆ చెయ్యి తన చేతిలోకి తీసుకుని పక్కన కూర్చుంది. ప్రశ్నలు మొదలయ్యాయి. ముసలమ్మ ఆ పన్నుని ఏం చేసిందని వస్త్రాల వ్యాపారి అడిగాడు. పంటికీ ఇంటికీ పునాది ఒకటేనా అని ఆర్కిటెక్టు వాదన వేసుకున్నాడు. హోటల్ వాళ్ళు గిన్నెలు తీసేసినా ఎవరూ కదల్లేదు.

మెట్లు దిగుతుంటే నర్సమ్మ గారు నా భుజం తట్టింది. వాయిదా గారు అప్పటికే వెళ్ళిపోయారు.

"మీ వంతు వచ్చిందన్నమాట" అంది.

"ఏం వంతు?"

"మీకు ఏం చెప్పారు?"

పరువు సంగతి గుర్తొచ్చి నసిగాను. "ఇస్త్రీ" అన్నాను చివరికి.

"నాది ఎక్కిళ్ళు" అంది ఆవిడ. "మూడు రోజుల ముందు ఫోన్ చేశారు. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు."

వెనకనుంచి ఆర్కిటెక్టు, "నాది పన్ను!" అన్నాడు.

జడ్జి గారు మెట్టు మీదే నిలబడిపోయారు. "అయితే ఆ పోయిన గొంతు... నాదా? ఇంట్లో కూడా నా మాట వినేవాళ్ళు లేక అల్లాడుతున్న రోజులవి. ఆయన్ని నేనే గట్టెక్కించానని పదేళ్ళుగా గర్వపడుతున్నానే!"

లెక్క చూస్తే పదకొండు సాకులకీ పదకొండు మందిమి తేలాం. ప్రతి ఒక్కరం ఆయన పరువు కాపాడుతున్నామనుకుని నోరు విప్పనివాళ్ళమే. ఆ చెప్పుల దుకాణం ముందు నిలబడి పిచ్చివాళ్ళలా నవ్వుకున్నాం. నాకు మాత్రం లోపల కాస్త చిన్నతనం. ఒకరికి గొంతు, ఒకరికి పన్ను, చివరికి నాకు దక్కింది ఇస్త్రీయా!

మర్నాడే అందరం కలిసి ఆయన ఇంటిమీద పడాలనుకున్నాం. మేం వెళ్ళేసరికి ఆయన పెట్టె సర్దుకుంటున్నారు. అయిదు గంటల ప్రయాణం దూరంలో పెద్ద నది మీద వంతెనకి బదిలీ అట. "వచ్చి ఉపన్యాసం ఇస్తానండీ, ఈసారి తప్పదు" అన్నారు. అనుకున్నవేవీ అనకుండానే ఆయన్ని రైలెక్కించి వచ్చాం.

ఆ తర్వాత మా శనివారాలు చప్పబడిపోయాయి. ఉపన్యాసాలు వేళకి జరిగేవి. ఎవరి గొంతూ పోయేది కాదు, ఎవరి పన్నూ నొప్పెట్టేది కాదు. కార్యదర్శికి ఇంతకంటే సుఖమేముంది? కానీ ఎవరైనా మెట్లెక్కుతున్న చప్పుడైతే అందరం గుమ్మం వంక చూసేవాళ్ళం. కుర్చీల్లో ఏది గట్టిదో చెప్పేవాళ్ళు లేక, కూర్చునే ముందు ఒక్క క్షణం అందరం తటపటాయించేవాళ్ళం. మాటలు తిరిగి తిరిగి ఆ స్తంభంలోని గొంతు దగ్గరికే వచ్చేవి. అది భయపడిన సాక్షి గొంతు అని జడ్జి గారు. కాదు, పసిబిడ్డది అని నర్సమ్మ. బోలు గొట్టంలో గాలి అని ఆర్కిటెక్టు. పుచ్చిన పన్నులో గాలి దూరినా అలాగే ఉంటుందని నేను. ఎవరం గెలిచినా ఒప్పుకోవడానికి ఆయన లేరు.

ఏడు నెలలు చూశాక జడ్జి గారు చెంచాతో గ్లాసు కొట్టారు. "ఆయన రారు. అక్కడా ఎవరో ఒకరు కష్టంలో ఉండే ఉంటారు. మనమే వెళ్దాం." తర్వాత ఒక్కొక్కర్నీ బోను ఎక్కించినట్టు నిలబెట్టి అడిగారు. "మీకేమైనా దిగులుందా? ఉంటే ఇప్పుడే చెప్పండి. అక్కడికి వెళ్ళాక మొహం వేలాడేస్తే ఆయన మళ్ళీ వాయిదా వేస్తారు." అందరం మాకే దిగులూ లేదని ప్రమాణం చేశాం.

చిన్న బస్సు మాట్లాడుకుని, కుటుంబాలతో సహా పొద్దున్నే బయల్దేరాం. మధ్యాహ్నానికి నది ఒడ్డుకి చేరాం. వంతెన మీద పైన రైళ్ళు, కింద బళ్ళు. మేస్త్రీ ఒకతను ఎదురొచ్చాడు.

"ఉపన్యాసం సారు కోసమాండీ?"

మేం మొహాలు చూసుకున్నాం. "ఉపన్యాసమా?"

"రోజూ అన్నం తిన్నాక ఆ మూడో స్తంభానికి చెప్తారండీ. నేను పన్నెండేళ్ళబట్టీ ఆయనతో పనిచేస్తున్నాను. ఏడాదికోసారి చొక్కా ఇస్త్రీ చేయించుకుని, వచ్చే శనివారమే చెప్పేస్తున్నానని మాకందరికీ మిఠాయి పంచేవారు. తిరిగొచ్చి 'ఇంకా బాగా రాయాలయ్యా' అని మళ్ళీ మొదలెట్టేవారు. మాకు కంఠతా వచ్చేసిందండీ."

ఇన్నాళ్ళూ ఆయనకి చెప్పడం ఇష్టం లేదనుకున్నాం, లేకపోతే భయమనుకున్నాం. పదకొండుసార్లు తయారై వచ్చిన మనిషి పదకొండుసార్లు ముందు వరసలో కూర్చుని "భలే!" అన్నారని తెలిసేసరికి జడ్జి గారు ఎక్కడ చూడాలో తెలియక నదిని చూశారు.

వాయిదా గారు మమ్మల్ని చూసి సుత్తి కింద పడేసుకున్నారు. ముందు ఒక్కొక్కరి మొహమూ పరీక్షగా చూశారు. మేం పదిహేను రోజులుగా సాధన చేసిన ఆనందంతో నిలబడ్డాం. నా చేతుల దగ్గర ఆయన చూపు ఆగింది.

"కుర్ర డాక్టరుకి పక్కన కూర్చుని నేర్పుతున్నాను" అన్నాను. "చేతులు వాడివి, నోరు నాది. బావుంది. మీరు మొదలెట్టండి."

"కానీ చొక్కా..." అన్నారాయన.

"ఎవరిదీ ఇస్త్రీ లేదు, అయిదు గంటలు బస్సులో వచ్చాం!" అంది మా ఆవిడ.

మూడో స్తంభం నీడలో ఇసుక మీద కూర్చున్నాం. ఆయన కాగితాలు తీశారు, గొంతు సవరించుకున్నారు. "అధ్యక్షా..." అన్నారు. పైన రైలొచ్చింది. అది వెళ్ళేదాకా ఆగి, మళ్ళీ "అధ్యక్షా" అన్నారు. ఆ వంతెన మీద నాలుగైదు నిమిషాలకో రైలు. అరగంట ఉపన్యాసం మూడు గంటలు నడిచింది. రైలు వెళ్ళాక ఎక్కడ ఆపారో ఆయనకి తోచకపోతే, వెనకనుంచి మేస్త్రీ, "తుప్పు దగ్గరున్నారండీ" అని అందించేవాడు.

గొంతు సంగతి కూడా వచ్చింది. అది స్తంభం లోపల్నుంచి కాదు, వెనకనుంచి. అవతలి వైపు తాళ్ళమీద వేలాడుతూ రంగులు వేస్తున్న మనిషిది. సుత్తి చప్పుడు విని అడిగాడట. "ఎవరైనా ఉన్నారా? పొద్దుట్నించీ ఎవరితోనూ మాట్లాడలేదండీ. ఒక్క పది నిమిషాలు వింటారా?" ఈయన పని ఆపి విన్నారట. పది నిమిషాలు కాస్తా రెండు నెలలైందట. ఒకరి మొహం ఒకరు చూసుకోకుండానే, మధ్యలో స్తంభం పెట్టుకుని రోజూ కలిసి అన్నం తిన్నారట. "బోల్టు ఏమంటోందో వినడం నా ఉద్యోగం నేర్పిందండీ. మిగతాది ఆయన నేర్పాడు" అన్నారు. మా ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుని, "ఈ మాత్రం దానికి పదకొండేళ్ళు చంపారు" అంది.

ఉపన్యాసం అయిపోయింది. మా నియమం ప్రకారం ఇక ప్రశ్నలు. ఆయన కాగితాలు మడిచి, కాస్త బెదురుగా మా వంక చూశారు.

"ఎవరైనా ఏమైనా అడగాలనుకుంటే..."

ఒక్కసారిగా అందరి చేతులూ లేచాయి. జడ్జి గారిది, నర్సమ్మ గారిది, ఆర్కిటెక్టుది, మా ఆవిడది, అంతా కంఠతా వచ్చిన మేస్త్రీది కూడా. నా చెయ్యి గాల్లో వణుకుతూనే ఉంది, దించలేదు. పైన ఏ రైలూ లేదు. ఆయన ఈ చివర్నుంచి ఆ చివరిదాకా చూశారు. ముందు ఎవర్ని అడగమంటారోనని మేమంతా ఎదురుచూస్తున్నాం.

"ఒక్క నిమిషం అలాగే ఉంచండి" అన్నారు వాయిదా గారు.